అద్దెకిచ్చిన మొక్క

ఉద్యోగ విరమణ చేసిన నాటి నుండి ఉదయం వేళ మా మరదలి నర్సరీలో కూర్చోవడం నాకు అలవాటయింది. ఆమె కుండీ మొక్కలను అమ్ముతుంది. అంతకంటే ఎక్కువగా అద్దెకిస్తుంది. ఆసుపత్రులు, బ్యాంకులు, హోటళ్ళు ఆమె ఖాతాదారులు. వెలుతురు చాలని గదుల్లో ఏ మొక్కయినా నెల తిరిగేసరికి కళ తప్పుతుంది. అందుచేత పదిహేను రోజులకొకసారి వ్యాను డ్రైవరు కొత్త కుండీని అక్కడ దింపి, పాతదాన్ని తెచ్చి, కోలుకోవడానికి పచ్చ వల పందిరి కింద పెడతాడు. కుండీ రంగూ మొక్క ఎత్తూ ఒక్కటే కావడం వలన చూసేవారికి ఆ మార్పు తెలియదు. తెలియకపోవడమే ఆ వ్యాపారంలోని నేర్పు.

ఆ రోజు ఒక స్త్రీ వృద్ధుడైన తన తండ్రిని చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆమె కంటి ఆసుపత్రిలో, వచ్చినవారి పేర్లు రాసుకునే బల్ల వద్ద పని చేస్తుందట. ఆ ఆసుపత్రి వారు మాతో ఒప్పందం ముగించి, కిందటి వారమే మొక్కలన్నిటినీ తిప్పి పంపారు.

“నా బల్ల పక్కన ఉండేదండీ, డ్రసీనా. ఆకులకి పసుపు చారలు. అది కొనుక్కుందామని వచ్చాం.”

“డ్రసీనాలు బోలెడున్నాయమ్మా, రండి,” అన్నది మా మరదలు.

“ఏదో ఒకటి కాదండీ. అదే కావాలి.”

తండ్రి ఒకప్పుడు దర్జీ. ఇప్పుడు జ్ఞాపకం క్షీణిస్తోంది. ఇంట్లో ఒంటరిగా వదలలేక మూడేళ్ళుగా ఆమె ఆయనను ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళుతోంది. రోజంతా ఆయన ఆ మొక్క పక్క కుర్చీలో కూర్చునేవాడు. మొదట్లోనే ఒకసారి, ఒరిగిపోతున్న కొమ్మను ఊతకర్రకు నీలి ఉన్ని దారంతో కట్టాడు. అది మొదలు ఆ దారాన్ని తడిమి చూసుకుంటే గాని ఆయన మనసు కుదుటపడేది కాదు. మొక్క వెళ్ళిపోయాక ఆ కుర్చీలో నిలవడం మానేశాడు. రెండుసార్లు వీధిలోకి వెళ్ళి తప్పిపోయాడు.

“ఇలాగే అయితే నేను ఉద్యోగం మానుకోవాలండీ. మానుకుంటే ఇల్లు గడవదు,” అన్నదామె.

మా మరదలు నన్ను పక్కకు పిలిచింది. “బావగారూ, అప్పటి మొక్క ఇప్పుడెక్కడ ఏడ్చింది? ఎన్నిసార్లు మార్చామో! ఏం చెయ్యమంటారు?”

“ఉన్నమాట చెప్పడమే ధర్మం. అయినా ఆ దారం ఎక్కడా కనబడకపోతే ఆమెకే అర్థమవుతుంది,” అన్నాను.

పందిరి కిందికి వెళ్ళాము. అక్కడి డ్రసీనాలలో అయిదింటికి నీలి ఉన్ని దారం కట్టి ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అయిదే. అన్నిటికీ ఎడమ కొమ్మకే కట్టి ఉంది.

“ఇదేమిటయ్యా?” అని అక్కడే ఉన్న డ్రైవరును అడిగాను.

“ఏం చెయ్యమంటారు సార్? మొదటిసారి మార్చినప్పుడు ఆ పెద్దాయన నా దారమేదిరా అని చొక్కా పట్టుకున్నాడు. ఆ తర్వాత నేనే ఓ ఉన్ని ఉండ కొనుక్కుని, వ్యానులోనే కట్టేసి దింపేవాణ్ణి. ముడి గోడవైపుకి తిప్పి పెట్టేవాణ్ణి, ఆయన చెయ్యి తగలకుండా.”

“నిన్నెవరు కట్టమన్నారు?” అని మా మరదలు గదమాయించింది.

“ఆయన పట్టుకున్న చొక్కా మీదైతే తెలిసేదమ్మగారూ.”

వెంట వచ్చిన కూతురు మా వెనకే నిలబడి అంతా వింది. “అయితే ఇన్నాళ్ళూ నేను నీళ్ళు పోసింది దేనికండీ?” అన్నది.

“అన్నిటికీనమ్మా,” అన్నాను. ఆ జవాబు నిజమో అబద్ధమో నాకే స్పష్టంగా లేదు.

ఈలోగా ఆ వృద్ధుడు కుండీల చుట్టూ తిరుగుతున్నాడు. మొదటిదాని వెనక ముడి ఆయన వేళ్ళకు తగిలింది.

“ఎవడ్రా ఈ ముడి వేసింది? గోనెసంచి మూతి కట్టినట్టు కట్టాడు!”

డ్రైవరు మా మరదలి చాటుకు తప్పుకున్నాడు. వృద్ధుడు ముడి విప్పాడు. కొమ్మ నిటారుగా నిలబడే ఉంది. “నిలబడ్డదానికి దారమెందుకూ?” అని దారాన్ని జేబులో వేసుకున్నాడు. రెండోదీ మూడోదీ అంతే. నాలుగోది విప్పగానే కొమ్మ వచ్చి ఆయన మణికట్టు మీద వాలింది.

“అదీ!” అన్నాడు. కొమ్మను లేపి, దారాన్ని కర్రకూ కొమ్మకూ మధ్య మెలివేసి, చొక్కా గుండీ కింద వేసేటంత సన్నని ముడి వేశాడు. తరువాత బోర్లించిన కుండీ ఒకటి చూసుకుని దాని మీద కూర్చున్నాడు. అయిదోదాని వైపు కన్నెత్తి చూడలేదు.

“నాన్నా, ఇదేనా మనది?”

“మనదేమిటే పిచ్చిదానా? ఒరిగిపోతోంది, కనబడటం లేదూ?”

ఆయన గుర్తుపట్టాడా, ఒరిగిన కొమ్మ ఏదైనా ఆయనకు ఒకటేనా? ఆయన ముఖంలో జవాబు కోసం వెతికాను. అక్కడ చేతిపని ముగిసిన తృప్తి తప్ప మరేమీ కనబడలేదు.

మొక్కను వ్యాను ఎక్కించాము. వృద్ధుడు కుండీని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కుదురుగా కూర్చున్నాడు. కూతురు ఎక్కబోయి, వెనక్కి వచ్చింది.

“మళ్ళీ నా బల్ల పక్కనే పెట్టుకుంటానండీ. డాక్టరుగారు సరేనన్నారు. కానీ అక్కడ ఎండ రాదు. ఇది వాడిపోతే...” గొంతు తగ్గించింది. “నాన్న చూడకుండా మార్చి పెడతారా?”

“ముడి ఇప్పుడే చూసి నేర్చుకున్నానమ్మా, ఈసారి పట్టుకోలేరు,” అన్నాడు డ్రైవరు ఉత్సాహంగా.

ఆమె నవ్వబోయి, నావైపు చూసి ఆగిపోయింది. మా మరదలూ నావైపే చూసింది. ధర్మం గురించి మాట్లాడినవాణ్ణి నేనే కదా. మూడేళ్ళుగా మోసపోయిన మనిషి అదే మోసాన్ని అడిగి పుచ్చుకుంటున్నప్పుడు దాన్ని ఏ పేరుతో పిలవాలో నాకు తోచలేదు.

“తీసుకెళ్ళేటప్పుడు ఒరిగిన కొమ్మ ఉన్నదే చూసి తీసుకెళ్ళు,” అన్నాను డ్రైవరుతో.

“అలాగే సార్. ఒరిగింది దొరక్కపోతే?”

నేను జవాబు చెప్పకముందే వ్యానులోంచి వృద్ధుడు కేక వేశాడు, ఎండ ఎక్కుతోంది, ఇంకా బయలుదేరరేమని.