మాట వినే మడి

పొద్దున హాజరు అయ్యాక జంపక్క కొంగు నడుముకు దోపుకుని కలుపుకు వంగేది. వ్యవసాయ కాలేజీ ఫారంలో ఆమెది రోజుకూలీ. వంగినప్పుడల్లా ఆ మడి ఆమెను గుర్తుపట్టేది. గుర్తుపట్టక ఏం చేస్తుంది, ఒకప్పుడు అది ఆమెదే.

కాలేజీ మొదట కాలేజీ కాదు. పెద్ద యూనివర్సిటీ వాళ్లు అడవి అంచున రీసెర్చి ఫారం అని ఒక రేకుల షెడ్డు వేశారు, ఓ జీపు పంపారు. ఆ తర్వాతే తరగతులు, హాస్టళ్లు, రోడ్డు మీద ఆర్చి. భూమి ఇచ్చినవాళ్లకు ఇంటికో పర్మినెంటు ఉద్యోగం అన్నారు. అందరికీ ఏదో ఒకటి దొరికింది గానీ జంపక్క ఇంటికి మాత్రం రాలేదు. అందుకే ఆమె మట్టికి చెప్పలేదు.

వాళ్ల గూడెంలో భూమి చేతులు మారితే, పాత మనిషి విత్తనాల పండుగనాడు కొత్త మనిషి దోసిట్లో గింజలు పోసి, ఇక ఈ మనిషి మాట విను అని మట్టికి చెప్పాలి. చెప్పలేదు కాబట్టి మడికి తెలియదు. ప్రొఫెసర్లు వరి వేసినా, కంది వేసినా జంపక్క ఒకప్పుడు వేసిన జొన్నే మొలిచేది. ఎవరూ వింతపడలేదు. ప్రాక్టికల్స్ పక్క మడిలో పెట్టుకుని, జొన్న కోసి ఆమె ఇంటికి పంపేవారు.

ఆ ఏడు ఫారం సూపరింటెండెంటు వెంకటేశ్వరరావు కన్ను ప్రమోషన్ మీద పడింది. హైదరాబాదు నుంచి వచ్చే సైంటిస్టులకు ఆ మడిలో కొత్త రకం మొక్కజొన్న చూపించాలి. ఆయన జంపక్క ఇంట్లో జావ తాగిన మనిషి, నోరారా అక్కా అని పిలిచే మనిషి.

"మట్టికి చెప్పెయ్యక్కా. మీ ప్రమీల పోస్టు వచ్చేసింది, సంతకమే తరువాయి," అన్నాడు.

ప్రమీల జంపక్క కూతురు, పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న పిల్ల.

"నిజమే కద సారూ? ఒక్కపారి చెప్తే అది మల్ల నా మాట వినదు."

"నేను లేనా అక్కా?"

"ఎవలకియ్యాలె?"

"యూనివర్సిటీకే."

"దాన్ని మట్టి ఎట్ల గుర్తుపడ్తది? మనిషి కావాలె. నువ్వు నిలబడు."

పండుగనాడు ఆయన నవ్వుకుంటూ దోసిలి పట్టాడు. జంపక్క కళ్లు తుడుచుకుంటూ గింజలు పోసి, మట్టికి చెప్పింది.

మొక్కజొన్న ఏపుగా వచ్చింది, ప్రమోషనూ వచ్చింది. పోస్టు మాత్రం సారు బావమరిది ప్రభాకర్‌కు పోయింది. కాలేజీ వార్షికోత్సవంలో వెంకటేశ్వరరావు మైకు పట్టుకుని క్యాంపస్ చరిత్ర చెప్పాడు. ఇక్కడ తుప్పలు తప్ప మనిషి జాడే లేదట. వెనక కుర్చీలు సర్దుతున్న జంపక్క చేతిలోని కుర్చీని దబ్బున దించింది. మరి ఈయన తాగిన జావ ఎవరు కాచినట్టు? మర్నాడు మడిలో వంగితే మట్టి పరాయిదానిలా ఊరుకుంది. అప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు.

వెంకటేశ్వరరావు ప్రమోషన్ కుర్చీలో చేరడానికి సామాను కట్టి హైదరాబాదు బస్సెక్కాడు. ఖమ్మం దాటాక కునుకు పట్టింది. లేచేసరికి మొక్కజొన్న మధ్యలో ఉన్నాడు, కాళ్లకు చెప్పుల్లేవు. రైలెక్కినా, కారెక్కినా అంతే. మడి తన మనిషిని రప్పించుకునేది. పై ఆఫీసు కొన్నాళ్లు ఎదురుచూసి ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేసింది.

మళ్లీ విత్తనాల పండుగ వచ్చింది. ఆయన దోసిట్లో గింజలతో బావమరిదిని పిలిచాడు. ప్రభాకర్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కూలీలు ఒక్కొక్కరే పక్క మడిలోకి జరిగారు. ఆఖరికి ఆయన జంపక్క ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు పట్టక్కా. ప్రమీల సంగతి నేను చూసుకుంటా."

జంపక్క ఆ గింజల వంక చూసింది. చేతులు వాటంతటవే లేవబోయాయి. భూమి తనది, కూతురు తనది, మాట మాత్రం ఆయనది. చేతుల్ని కొంగులో చుట్టేసుకుంది.

"ఈడ మనిషి జాడే లేదన్నవ్ కద సారూ," అంది. "మరి ఎవల దోసిట్ల పోస్తవ్?"