పేరు పడిన రోజు

తెల్లవారి ఆరింటికి నిత్యానందం చిన్న పడవేసుకుని చెరువులోకి వెళతాడు. తవుడూ నూనెగింజల చెక్కా కలిపి నింపిన మేత సంచులను, నీళ్ళలో పాతిన వెదురు కర్రలకు ఒక్కొక్కటే కట్టుకుంటూ వస్తాడు. సంచుల అడుగున చిల్లులుంటాయి. శీలావతి, బొచ్చె చేపలు కిందినుంచి వచ్చి పొడుచుకు తింటాయి. ఎనిమిదింటికల్లా ఆ పని అయిపోతుంది. ఆ తరువాత గట్టు మీద రేకుల షెడ్డులో కూర్చుని సినిమా కథలు రాసుకుంటాడు.

అరవై దగ్గరపడుతున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు హైదరాబాదులో రచయిత. మూడు సినిమాలకు తెర మీద పేరు పడింది. తరువాత పిలుపులు తగ్గాయి, ఆపైన ఆగిపోయాయి. పదమూడేళ్ళ కిందట తాతాజీ అనే రైతు గుడివాకలంక దగ్గర తన చేపల చెరువుకి కాపలా మనిషి కావాలంటే వచ్చి కుదురుకున్నాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేదని ఆ పని ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకి ఎవరైనా వచ్చి మాట్లాడితే బాగుండుననిపించింది గానీ, అప్పటికి నోరు మాట మరిచిపోయింది.

ఆ చెరువు గట్టున కూర్చుని సీను పైకి చదివితే నీళ్ళ మీద కనబడేది. మాట వినబడదు, బొమ్మ మాత్రమే. నిత్యానందం వచ్చిన రెండో ఏట ఇది మొదలైంది. ఆదివారం మధ్యాహ్నాలు పక్క చెరువుల కాపలా వాళ్ళూ, వలలు లాగే వాళ్ళూ తువ్వాళ్ళు పరుచుకుని కూర్చునేవారు. గాలి ఎక్కువైతే బొమ్మ చెదిరిపోతోందని విసుక్కునేవారు. తాతాజీకి ఒకటే అభ్యంతరం.

"దెయ్యాల కథలు మాత్రం వద్దండీ నిత్యానందం గారూ. మీరు ఆ పాడుబంగళా సీను చదివాక రెండ్రోజులు చేపలు మేత ముట్టలేదు. ఏదైనా ఫ్యామిలీ కథో కామెడీయో చదవండి, నిదానంగా తింటాయి."

మైత్రేయి ఈ నీళ్ళ మీది బొమ్మల సంగతి విని వచ్చింది. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పవర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటుంది. స్కూలు వదిలాక వెబ్ సిరీస్‌లకు కథలు రాసి పంపిస్తూ ఉంటుంది. అన్నీ థ్రిల్లర్లే. ఇంతవరకు ఒక్కటీ ఎవరూ తీసుకోలేదు. మొదటి ఆదివారం స్కూటీ గట్టు కింద ఆపి, తన హత్య సీను తీసి గబగబా చదివింది. నీళ్ళలో ఆకాశమూ, దాని మీద ఈదుతున్న రెండు గూడబాతులూ తప్ప ఏమీ కనబడలేదు.

"నా సీను పడదేమిటండీ మాస్టారూ?"

"హంతకుడు పొద్దున్న ఏం తిన్నాడమ్మా?"

"అదెందుకండీ? పదో పేజీకి శవం దొరకాలి. ఇంటర్వెల్‌కి మలుపు రావాలి. థ్రిల్లరంటే లెక్క ప్రకారం నడవాలి కదండీ."

"నువ్వు లెక్క వేశావు, మనిషిని చూడలేదు. చూడనిది చెరువేం చూపిస్తుంది?"

ఆమెకు కోపం వచ్చింది. అయినా పై ఆదివారం మళ్ళీ వచ్చింది. ఈసారి హంతకుడి భార్య టిఫిన్ డబ్బా కడిగే సీను రాసుకొచ్చింది. నీళ్ళ మీద మసకగా ఒక వంటిల్లు కదిలింది. కుళాయి దగ్గర వంగిన ఆడమనిషి వీపు కనబడింది. మైత్రేయి పేజీ తిప్పడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ వచ్చేది. జనం వెళ్ళిపోయాక ఇద్దరూ స్టౌ మీద టీ కాచుకుని వాదించుకునేవారు. ప్రేమకథ రాయడం అందరికీ వచ్చని ఆమె అంటే, రెండో సగం రాసి చూపించమనేవాడు ఆయన. ముందు ముగింపు తెలిస్తే గానీ తను మొదలుపెట్టలేనని ఆమె అనేది. తనకు ముగింపు ఎప్పుడూ తెలియదని, మొదటి డైలాగు చెవిలో పడేదాకా ఊరికే కూర్చుంటానని ఆయన అనేవాడు.

"మరి మీరు కామెడీ ఎందుకు రాయరండీ? తాతాజీ గారు అడిగిందే అడుగుతున్నారు కూడాను."

"అన్నిట్లోకీ అదే కష్టం. అది నా చేతిది కాదు, అచ్యుతానిది," అన్నాడు నిత్యానందం. అనేశాక గ్లాసు కింద పెట్టి, లేచి చెరువు వైపు వెళ్ళిపోయాడు.

మైత్రేయి రెట్టించలేదు. అచ్యుతం ఎవరో ఆమెకు తెలియడానికి సంక్రాంతి వెళ్ళి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ రోజు తాతాజీ వచ్చి, చేప పట్టుబడికి వచ్చిందని, నెలాఖరుకి ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడించేస్తున్నానని చెప్పాడు. "ఈసారి చెరువు ఆరబెట్టి రొయ్య వేద్దామనుకుంటున్నానండీ. మీరేం కంగారు పడకండి, మీ పని మీకుంటుంది." తాతాజీ వెళ్ళాక నిత్యానందం చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు.

"నీళ్ళు పోకముందే చదవాల్సింది ఒకటుందమ్మా. ఇన్నాళ్ళూ రాయలేదు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు అచ్యుతం సంగతి. అచ్యుతరావుది పెంటపాడు. వ్యవసాయం చేసుకునే వాళ్ళబ్బాయి. తాడేపల్లిగూడెంలో కాలేజీలో చదివేటప్పుడు ఇద్దరూ స్నేహితులయ్యారు. కలిసి నాటకాలు రాశారు, కలిసే హైదరాబాదు వెళ్ళారు. పదకొండేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. అచ్యుతం మంచం మీద పడుకుని చెబుతుంటే నిత్యానందం కింద కూర్చుని రాసేవాడు. నవ్వించేదంతా అతనిది, ఏడిపించేదంతా ఇతనిది. మొదటి సినిమా ఒప్పుకున్నప్పుడు నిర్మాత నిత్యానందాన్ని ఒక్కడినే లోపలికి పిలిచాడు. కొత్తవాళ్ళకు రెండు పేర్లెందుకు, ఒక్కటి వేద్దామన్నాడు. సినిమా విడుదలైన రోజు తాడేపల్లిగూడెం హాల్లో నిత్యానందం పేరొక్కటే పడింది. ఆ సాయంత్రంనుంచి అచ్యుతరావు కనబడలేదు. ఇరవై రెండేళ్ళయింది.

"ఇప్పుడెక్కడున్నారండీ ఆయన?"

"గూడెంలోనే. జెరాక్సు షాపు పెట్టాడని విన్నాను."

నిత్యానందం ఆ సీను రాయడం మొదలుపెట్టాడు. మొదటి ఆదివారం చదివితే నీళ్ళలో మబ్బులు కనబడ్డాయి. రెండో ఆదివారమూ అంతే. వచ్చినవాళ్ళు కాసేపు చూసి, ఇవాళ పడేట్టు లేదండీ అని లేచి వెళ్ళిపోయారు. మైత్రేయి కాగితాలు తీసుకుని మొదటినుంచి చదివింది.

"ఈ సీన్లో మీరు మరీ మంచివాళ్ళు మాస్టారూ."

నిత్యానందం కాగితాల కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"నిర్మాత దుర్మార్గుడు, సరే. ఒక్క పేరు వేద్దామన్నప్పుడు మీరేమన్నారు? ఇక్కడ లేదు."

"ఏమీ అనలేదు."

"భయపడ్డారా?"

"భయమైతే బాగుండేదమ్మా." నిత్యానందం పెన్ను మూత పెట్టేశాడు. "నా పేరొక్కటే పడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతే."

"అది రాయండి," అంది మైత్రేయి. కాగితాలు అతని ఒళ్ళో పెట్టి స్కూటీ ఎక్కింది.

వారం రోజులూ రాశాడు. మేత కట్టి వచ్చి రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం. మధ్యలో రెండు రోజులు వంట కూడా చేసుకోలేదు. నెలాఖరు ఆదివారం ఎవరూ రాలేదు. ఇంజన్లు అప్పటికే గట్టు మీదికి చేరాయి, వాటి గొట్టాలు నీళ్ళలో దించి ఉన్నాయి. మైత్రేయి ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది. నిత్యానందం చదివాడు.

మొదట నిర్మాత ఆఫీసు కనబడింది. బల్ల మీద గాజు పలక, దాని కింద దేవుడి పటాలు. కుర్చీలో నల్లటి జుట్టుతో నిత్యానందం, నోరు మూసుకుని. అతను ఆ ముఖం వైపు చూడలేక కాగితం వైపే చూస్తూ చదువుకుపోయాడు. తరువాత సినిమా హాలు వచ్చింది. అచ్యుతరావు, అతని పక్కన వాళ్ళమ్మ. కొడుకు పేరు పడుతుందని పెంటపాడునుంచి పట్టుచీర కట్టుకుని వచ్చిందావిడ. నిత్యానందం రెండు వరసల వెనక కూర్చుని ఆ రోజు వాళ్ళ తలలు మాత్రమే చూశాడు. అందుకని సీను ఇలా రాశాడు. తెర మీద పేరు పడుతుంది, అచ్యుతరావు తల దించుకుని ఏడుస్తాడు.

చెరువులో అచ్యుతరావు ఏడవలేదు.

తెర వెలుగు ముఖం మీద పడుతుంటే అతను నవ్వాడు. చెయ్యి ఎత్తి తెర వైపు చూపించాడు. వంగి వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. అంతలో గాలి వచ్చి బొమ్మ విరిగిపోయింది.

"ఆయనేదో చెప్పారు మాస్టారూ. మీరది రాయలేదు," అంది మైత్రేయి.

"నాకు తెలియదు," అన్నాడు నిత్యానందం. చివరి కాగితం తిప్పి చూశాడు. "ఏం చెప్పాడో నాకు తెలియదమ్మా."

మర్నాడు పొద్దున్న ఇంజన్లు మొదలయ్యాయి. నిత్యానందం తాతాజీకి చెప్పి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆ కాగితాలు పట్టుకుని, ఆటోలో ఏలూరు వచ్చి తాడేపల్లిగూడెం బస్సెక్కాడు. భీమడోలు దాటేదాకా ఏం మాట్లాడాలో డైలాగులు అనుకున్నాడు. ఉంగుటూరు దగ్గర అన్నీ కొట్టేశాడు.

షాపు మార్కెట్ దారిలో, మెట్ల కింద ఇరుకు గదిలో ఉంది. ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అచ్యుతరావు బట్టతలతో, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, మెషిన్ మూత ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. వరసలో నిలబడి తన వంతు వచ్చినప్పుడు నిత్యానందం కాగితాలు ముందుకు జరిపాడు.

"ఎన్ని కాపీలండీ?" అన్నాడు అచ్యుతరావు, తలెత్తకుండానే.

అచ్యుతరావు పై కాగితం మెషిన్ మీద పెట్టబోయి ఆగాడు. ఆ దస్తూరీని కాసేపు చూశాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని నిలబడే చదివాడు. రెండో కాగితం, మూడోది. వెనకున్న ఆవిడ ఆధార్ కార్డు ఊపుతూ, త్వరగా కానివ్వండి బాబుగారూ అంది. ఆయన వినిపించుకోలేదు. నిర్మాత ముందు కుర్చీలో నోరు మూసుకున్న మనిషి దగ్గర చాలాసేపు ఆగాడు. చివరి కాగితం అయ్యాక ఆవిడ కార్డు తీసుకుని, రెండు కాపీలు తీసి ఇచ్చి పంపించాడు.

"కూర్చోండి," అన్నాడు. పదకొండేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు తనను మీరు అంటున్నాడు. నిత్యానందం అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"నువ్వు ఏడ్చావని రాశాను. ఏడవలేదట కదా. అమ్మ చెవిలో ఏం చెప్పావు అచ్యుతం?"

ఎలా తెలిసిందని అచ్యుతరావు అడగలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"అమ్మకి చదువు రాదుగా," అన్నాడు. "పేరు పడగానే, ఏదిరా, ఏదిరా అని నా చెయ్యి పట్టుకు లాగేస్తోంది. అదుగోనమ్మా, ఆ పెద్ద అక్షరాలే నా పేరని చూపించాను. నీ పేరే చూపించాను. ఎంత పెద్దగా ఉందిరా అంది." అతను కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. "పోస్టర్ మీద ఆ అక్షరాలు కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకుంది. పోయేదాకా పొద్దున్నే లేచి నీ పేరుకి దణ్ణం పెట్టుకునేది, నేననుకుని."

మెషిన్ తనంతట తాను ఆగిపోయింది. బజార్లో ఎవరో కొబ్బరికాయలు దించుతున్నారు. నిత్యానందం క్షమించమని అడగబోయాడు. అచ్యుతరావు అందుకోసం ఆగినట్టు కూడా లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, చివరి కాగితం బల్ల మీద సరిచేసి, జేబులో పెన్ను తీశాడు. ఏడుస్తాడు అన్న మాటను అడ్డంగా కొట్టేశాడు. దాని పైన, అంచు మీద ఉన్న ఖాళీలో, తల్లి మాటా కొడుకు మాటా రెండు వరసల్లో రాశాడు. ఒకచోట ఆగి, ఆలోచించి, ఒక మాట తీసేశాడు.

"ఇక్కడ 'నా పేరు' అక్కర్లేదు. 'అదుగోనమ్మా' చాలు," అన్నాడు, కాగితాన్నుంచి తలెత్తకుండా.

"చాలు," అన్నాడు నిత్యానందం.

ఇంకొకాయన లోపలికి వచ్చి కాపీలు తీస్తారా అని అడిగాడు. అచ్యుతరావు షాపు బయట బోర్డు తిప్పి, మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నాడు. ఆ తరువాత ఇటు తిరిగి, అంతసేపట్లో మొదటిసారి అతని ముఖం వైపు చూశాడు.

"బస్సెన్నింటికి నీకు?"

"బస్సులకేం, చాలా ఉన్నాయి," అన్నాడు నిత్యానందం.