అన్నీ బాబాయే చేశారు

పిన్ని ఫొటో కింద అమ్మలు ‘రైతు’ అని రాస్తే, మాస్టారు ఆ మాట కొట్టేసి ఎర్ర సిరాతో ‘రైతు భార్య’ అని రాశారు. కొట్టేసిన గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. వార్తారచన చెప్పే ఆ మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు కత్తెర. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినా ఏమీ అనరు.

అమ్మలు ఆయన బల్ల ముందు ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడింది. పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చింది. రెండింట్లోనూ కూర్చోను చోటు దొరకలేదు. వ్యవసాయ జర్నలిజంలో ఆమెకిది ఆఖరి ఏడాది. రైతుల కోసం విశ్వవిద్యాలయం వేసే నెలపత్రికలో ప్రతి విద్యార్థి రాసిందీ ఒకటైనా అచ్చవ్వాలి. అచ్చయితేనే పట్టా. పరీక్షల లోపు వచ్చే ఆఖరి సంచిక ఇదే, ఇది దాటిపోతే మళ్లీ ఏడాదంతా చదవాలి. ఇంకో ఏడాది ఈ బస్సులా అనుకుంటేనే అమ్మలుకు ఒంట్లో సత్తువ జారిపోతోంది. అప్పటికే ఆమె తరగతిలోనూ, బస్సులోనూ, చివరికి పళ్లు తోముకుంటూ కూడా కునికిపాట్లు పడుతోంది.

పొలం ఎవరి పేరున ఉందని అడిగారు మాస్టారు. బాబాయి పేరున అంది అమ్మలు. మరి పంట ఎవరు వేశారని మీ పిన్ని చెప్పింది అని అడిగారు. బాబాయేనంది సార్ అని అమ్మలు గొణిగింది. ఆయన ముందు ఆమె మాట ఎప్పుడూ అంతకు మించి పెరగదు.

“ఆమె అనని మాట నువ్వెలా రాస్తావమ్మా? విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు. మన పని అంతవరకే. నేను రైతునని ఆమె చేతే అనిపించుకురా, నువ్వు రాసినట్టే వేస్తాను. లేదంటే ఇదిగో, ఇలా వేసేద్దాం. ఇవాళే అచ్చుకు పంపిస్తా, నువ్వు ఇంటికెళ్లి హాయిగా పడుకో.”

ఆ ఆఖరి మాట ఆయన వెటకారంగా అనలేదు. అందుకే అమ్మలుకు అది మరీ కష్టమనిపించింది. ఊ అంటే చాలు, అయిపోతుంది. కానీ ఊ అనలేక, రేపు చెప్తాను సార్ అని కాగితాలు తీసుకుని వచ్చేసింది.

పిన్ని అంటే అమ్మలు తల్లికి చెల్లెలు. చదువుకు చేరినప్పటి నుంచీ అమ్మలు ఉండేది పిన్ని ఇంట్లోనే. బాబాయి లారీ నడుపుతారు. మంచి మనిషి, మాట తూలరు, కానీ ఇంటికొచ్చిన నాడు మంచం దిగరు. ఇంటి వెనకే పొలం. అందులో టమాటా, గట్టున ఒక ఆవు. బాబాయి లారీలో ఉన్నన్నాళ్లూ పొలమూ ఆవూ ఎవరి చేతుల మీదుగా నడుస్తున్నాయో అమ్మలు రోజూ కళ్లారా చూస్తూనే ఉంది. చూసిందే రాద్దామనుకుంది. చిక్కంతా పిన్ని మాటతో వచ్చింది.

ఫోన్లో రికార్డు చేసిన ఆ మాటలు అమ్మలుకు కంఠతా వచ్చేశాయి. టమాటా ఎప్పుడు వేశారు పిన్నీ అంటే, ఎండలు తగ్గాక మీ బాబాయి వేశారు అంటుంది. నారు ఎవరు పోశారంటే మీ బాబాయే అంటుంది. ఆ వారమంతా బాబాయి ఊళ్లో లేరు కదా అని అమ్మలు గుర్తు చేస్తే, లేకపోతే ఏంటే, ఆయన పొలమేగా, ఆయన పోసినట్టే అంటుంది. మరి నువ్వేం చేస్తావు పిన్నీ అని అడిగితే మాత్రం కాస్త సిగ్గుపడి, “నేనేం చేస్తానే, ఇంట్లో ఊరికే ఉంటాను” అంటుంది. అదే రికార్డులో వెనకాల పురికొస తెగుతున్న చప్పుడు, కర్ర నేలలో దిగుతున్న చప్పుడు, పిన్ని ఆయాసం. మొక్కలకు ఊతకర్రలు కడుతూనే ఆ మాటంది మహాతల్లి. అడుగుతూ అడుగుతూ వెనక నడిచినందుకే అమ్మలుకు కాళ్లు పీకాయి.

బాబాయిని ఫోన్లో అడిగితే ఈసారి బాగానే వేశాం అన్నారు. ఆ ‘వేశాం’లో ఆయన వాటా ఎంతో, పిన్ని వాటా ఎంతో విడదీసి అడిగేలోపే లారీలో ఫోను సిగ్నల్ పోయింది.

ఆ సాయంత్రం పిన్ని పాలు పితికి వచ్చి గిన్నె పొయ్యి మీద పెడుతుంటే, అమ్మలు వంటింటి గోడకు జారగిలబడి సంగతంతా చెప్పింది. ఒక్క మాట అను పిన్నీ, నేను రైతును అను, చాలు అని బతిమాలింది.

“నేను రైతునైతే మీ బాబాయి ఏమవుతారే?”

“లారీ డ్రైవరు.”

పిన్ని పొంగుతున్న పాలను కూడా మరిచిపోయి నవ్వింది. ఈ మాట ఆయన వింటే ఇంటికి రావడమే మానేస్తారంది. అయినా నా పేరున పొలం పట్టా లేదు, పుస్తకం లేదు, నన్ను పట్టుకుని రైతనడం ఏంటి, నలుగురూ నవ్వరూ అంది. ఇంకా ఏదో అనబోతూ ఇటు తిరిగి చూస్తే, అమ్మలు కూర్చున్నచోటే కళ్లు మూసేసింది. చేతిలో ఫోను జారి ఒళ్లో పడి ఉంది.

పిన్ని మంట తగ్గించి, చేతులు కడుక్కుని, జుట్టు సవరించుకుని వచ్చి అమ్మలును తట్టి లేపింది. సరే, ఆ డబ్బా ఆన్ చెయ్యమంది. ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడింది.

“నేను రైతును. టమాటా నేనే వేశాను.” ఒక్క క్షణం ఆగి, “చాలా? కాస్త గట్టిగా ఇంకోసారి చెప్పనా?” అంది.

చాలంది అమ్మలు. ఆ పూట కడుపు నిండా తిని, కాళ్లు చాపుకుని పడుకుంది.

తెల్లారి బస్సులో అదృష్టం బాగుండి కిటికీ పక్క సీటు దొరికింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ రెండు వాక్యాలూ విన్నది. మళ్లీ విన్నది. బడికి తనిఖీకి వచ్చిన పెద్దాయన ముందు చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టుంది. పక్కన కూర్చున్న క్లాసు పిల్ల, నోరు మూతపడదు కనుక అందరూ రేడియో అని పిలిచే పిల్ల, తానూ చెవి ఒగ్గి విన్నది. దొరికిందిగా మాట, ఇంకేం, అంటించి పారెయ్, కత్తెరకేం తెలుస్తుంది అంది. ఆయనకు తెలియదు, నిజమే. కానీ అమ్మలుకు తెలుసు. నిన్న పిన్ని ఆ మాట అన్నది నమ్మి కాదు, పిల్ల అలిసిపోయిందని. ఉన్న ఒక్క మెత్తటి దిండూ పిల్ల తల కింద పెట్టినట్టే, ఆ మాట కూడా తెచ్చి పెట్టింది. దాన్ని అచ్చు వేయించుకుంటే, పిన్ని ఇంకొకరి కోసం చేసిన పనుల్లో అదీ ఒకటవుతుంది.

అమ్మలు ఆ రోజు క్లాసులు ఎగ్గొట్టి గ్రంథాలయంలో మూల బల్ల దగ్గర కూర్చుని మొదటి నుంచీ మళ్లీ రాసింది. పిన్ని అన్న ఏ మాటా మార్చలేదు. నారు ఎవరు పోశారంటే ‘మీ బాబాయే’ అన్నది అలాగే ఉంచింది. దాని పక్కనే, ఆ వారం ఆయన లారీ ఎక్కడో రేవులో సరుకు కోసం ఆగి ఉందనీ, నారుమడి దగ్గర మోకాళ్ల మీద ఉన్నది తన పిన్నేననీ రాసింది. ‘ఊరికే ఉంటాను’ అన్న మాట తర్వాత ఆ పూట తాను చూసినదంతా వరసగా పెట్టింది. ఎక్కడా అయ్యో పాపం అనలేదు.

మాస్టారు అంతా చదివి, కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నారు. ఆయన బల్ల మీద దిద్దాల్సిన కాగితాలు ఇంకా గుట్టగానే ఉన్నాయి. పిన్ని చేత ఆ మాట అనిపించలేకపోయావా అని అడిగారు. అన్నది, రికార్డు కూడా అయింది అంది అమ్మలు. మరి ఇందులో ఏదీ అన్నారాయన.

“నా కోసం అంది సార్.” అమ్మలు నేల చూపులు చూస్తూనే చెప్పింది. “అది వెయ్యలేను. భార్య అని కూడా వెయ్యకండి. మళ్లీ ఏడాది చదవమంటే చదువుతాను.”

ఆమె ఆయన ముందు ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదలు. ఆయన కలం అందుకున్నారు. ఫొటో కింద తాను రాసినదాన్ని తానే కొట్టేశారు. ఏం పెట్టాలో నాకూ తోచడం లేదమ్మా, ఉత్త పేరు వేసి ఊరుకుందాం అన్నారు. మొదటి పేజీకి పనికిరాదు, లోపలి పేజీలో అడుగున వేస్తానన్నారు. చోటు చాలదంటూ ఆమె కళ్లముందే మూడో వంతు కోసేశారు. ఇక వెళ్లమన్నట్టు తలాడించారు. పట్టా దక్కిందన్న సంతోషం కోసం అమ్మలు మెట్ల దగ్గర కాసేపు ఎదురు చూసింది. రాలేదు. కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే.

పత్రిక వచ్చిన రోజు సాయంత్రం పిన్ని కోసిన కాయలను పెట్టెల్లోకి ఏరుతోంది. చదివి వినిపించమంది. అమ్మలు గడప మీద కూర్చుని చదివింది. పిన్ని మొదట్లో ఒక చెవి ఇటు, ఒక చెవి ఆవు వైపు వేసి విన్నది. కాసేపటికి ఏరడం ఆపింది.

“ఆగాగు. గాలివానకు కర్రలన్నీ పడిపోతే మళ్లీ నిలబెట్టాను కదా, అది లేదేం?”

“రాశాను పిన్నీ. చోటు లేదని సార్ తీసేశారు.”

పిన్ని లేచి వచ్చి పేజీలోకి తొంగి చూసింది. చోటు లేకపోతే ఈ ట్రాక్టరు బొమ్మ ఇంత పెద్దది ఎలా పట్టిందని అడిగింది. అది ప్రకటన అని అమ్మలు చెప్పింది. సరే, మరి తెల్లారకముందే లేచి నీళ్లు పెట్టిన సంగతి ఏదీ అంది. అదీ తీసేశారంది అమ్మలు.

“అది కూడా తీసేస్తే ఇంకేముంది అందులో? ఆ నీళ్లు నేను కాకపోతే ఎవరు పెట్టారట, మీ మాస్టారా?”

అమ్మలు పత్రిక ఒళ్లో పెట్టుకుని పిన్ని మొహంలోకి చూసింది. ఫోను లోపల గదిలో ఉంది. లేచి తెచ్చుకునే ఓపిక లేదు. ఇంకా ఏమేం వదిలేశారో నువ్వే చెప్పు పిన్నీ అంది.

పిన్ని పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని, విత్తనం కొనడానికి వెళ్లిన రోజు నుంచి మొదలుపెట్టింది. అమ్మలు ద్వారబంధానికి తల ఆనించి విన్నది. వింటూ వింటూనే కళ్లు బరువెక్కాయి.

“నిద్రపోకే,” అంది పిన్ని మోకాలు తట్టి. “ఇంకా కలుపు దగ్గరికే రాలేదు.”