ఇస్త్రీ అక్క అలంకారం

దుప్పటి మీద చారెడు నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టెను ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క తోపు తోసి, ఇస్త్రీ అక్క పొద్దుట్నించి అంటున్న మాటే మళ్ళీ అంది.

"నేను రాను టీచరమ్మా. మీరు వెళ్ళి వీళ్ళిద్దరి చేత రాయించండి."

ఆసుపత్రి వెనక బట్టలుతికే హాలు అది. ఓ పక్క మిషన్లు గుడగుడలాడుతుంటాయి. మరో పక్క ఆరిన దుప్పట్లు గుట్టలుగా పడి ఉంటాయి. మధ్యలో పొడవాటి చెక్కబల్ల. పదో తరగతిలో ఉండగా తండ్రి మంచం పడితే, అక్క బడి మానేసి వచ్చి ఆ బల్ల ముందు నిలబడింది. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది. మోచేతి మీద పాత కాలిన మచ్చ, ఆవిరికి మెత్తబడిన వేళ్ళు, సాయంత్రానికి వాచే పాదాలు. ఆమె పనికి వంకపెట్టినవాళ్ళు లేరు, మెచ్చుకున్నవాళ్ళూ లేరు. పడుకోవడానికి దుప్పటి బాగుంటే, దాన్ని ఇస్త్రీ చేసిందెవరని ఎవరడుగుతారు చెప్పండి!

ఆ మధ్యాహ్నమే పదో తరగతి ప్రైవేటు పరీక్ష. రాయాల్సినవాళ్ళు ముగ్గురు: అక్క, మిషన్లు తిప్పే బాబాయ్, బట్టలు మడతపెట్టే వదిన. చదువు చెప్పే టీచరమ్మది వీళ్ళ పిల్లల ఈడు. పని ఆపితే పై వార్డులవాళ్ళు ఊరుకోరు గనక పనిలోనే పాఠం. పాఠమేమో ఓ పాతకాలపు విషాద నాటకం, దాని వెంట అలంకారాలు. ఎంత నూరిపోసినా అలంకారాలు వీళ్ళ తలకెక్కకపోయేసరికి, టీచరమ్మ వాటిని మనిషికొకటి పంచేసింది. నాటకం చదువుతుంటే ఎవరి అలంకారం వస్తే వాళ్ళు చెయ్యెత్తి "నాది!" అని అరవాలి.

బాబాయ్‌కి అతిశయోక్తి. ఇవ్వకపోతే లాక్కునేవాడే. వదినకు ఉపమ. ఇక అక్క సంగతి. "చంద్రుడెలా ఉన్నాడక్కా?" అని టీచరమ్మ అడిగితే "తెల్లగా" అంది. "దేనిలా?" అంటే "దేనిలా ఏంటి టీచరమ్మా, తెల్లగానే" అంది. హాలంతా గొల్లుమంది. టీచరమ్మ నవ్వకుండా ఆమెకు స్వభావోక్తి ఇచ్చింది. ఉన్నదున్నట్టు, కళ్ళకు కట్టేలా చెప్పడం. అడుగూబొడుగూ మిగిలింది తన మొహాన కొట్టారనుకుంది అక్క. నాటకం చివరికొచ్చింది, ఆమె చెయ్యి ఒక్కసారీ పైకి లేవలేదు.

"ఆ నాటకంలో రాజుగారికి ఉన్నదున్నట్టు మాట్లాడ్డం చేతకాదు, నాకు అది తప్ప చేతకాదు. మా ఇద్దరికీ పొసగదు. పరీక్షకొచ్చి తెల్ల కాగితం ఇచ్చి రానా?" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ, ఇస్త్రీ చేసిన చోటే మళ్ళీ ఇస్త్రీ చేసింది.

"ఈ ఒక్క రంగం వినండక్కా. ఆ తర్వాత మీ ఇష్టం" అని టీచరమ్మ పుస్తకం తెరిచింది.

శత్రువు వస్తున్నాడని రాజు కోట తలుపులు మూయించాడు. సొంత కూతురు బయట ఉండిపోయిందని తెలిసీ, ఊరు కోసం తెరవనివ్వలేదు. రాత్రంతా గోడ మీద తిరుగుతూ మాట్లాడతాడు.

"'నా గుండె పగిలిన కుండలా...'"

"నాది!" అంది వదిన.

"'నా కన్నీటికి సముద్రాలు పొంగి చుక్కలు తడిశాయి...'"

"నాదే, నాదే!" బాబాయ్ రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఏడుపులోనైనా కాస్త పొదుపుండొద్దూ ఈ మనిషికి!" అంది వదిన.

తెల్లారింది. శత్రువు వెళ్ళిపోయాడు. తలుపులు తీసి, మంచులో బిగుసుకుపోయిన పిల్లను మోసుకొచ్చి రాజు ముందు పడుకోబెట్టారు. టీచరమ్మ గొంతు తగ్గించింది.

"'దీని పాదాలు చల్లగా ఉన్నాయి. దుప్పటి చాల్లేదు. కాస్త కిందికి లాగండి.'"

బాబాయ్ నోరు తెరిచి మూశాడు. వదిన బాబాయ్ వంక చూసింది.

అక్క తండ్రి ఈ ఆసుపత్రిలోనే పోయాడు. ఆ రోజు అమ్మ గుండెలు బాదుకోలేదు. దుప్పటి కిందికి లాగి పాదాలు కప్పి, "చలేస్తుందేమోనే" అంది. అంతే అంది. అక్క చెయ్యి తనకు తెలియకుండానే ఇస్త్రీపెట్టెను వదిలి పైకి లేచింది.

"నాది" అంది. ఎవరికీ వినపడలేదు. "ఇది నాది టీచరమ్మా!" అని అరిచింది.

"ఎందుకని మీది?"

"రాత్రంతా అంతలేసి మాటలు మాట్లాడాడు కదండీ. ఇప్పుడు కూతురు పోయిందని కూడా అనట్లేదు. పాదాలు చల్లగా ఉన్నాయంటున్నాడు. ఇంక దానికి పోలికేం తెస్తారు? అదంతే!"

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇదే రాయండక్కా. ఒక్క ముక్క మార్చకండి." తర్వాత రెండు వాక్యాలకే రాజు కూడా ప్రాణం విడిచాడు గానీ, పాపం, అతన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

"కాలుతోంది! ఆసుపత్రి మొత్తం బూడిదైపోతోంది!" బాబాయ్ గావుకేక పెట్టాడు.

"అది నీదేలే బాబాయ్, చెయ్యెత్తు!" అంది వదిన.

అక్క నాలుక్కరుచుకుని ఇస్త్రీపెట్టె లాగేసి ప్లగ్గు పీకింది. దుప్పటి వంక చూసింది. ఆపుకోలేక నవ్వింది. పొట్ట పట్టుకుని, బల్లకానుకుని, పదో తరగతి పిల్లలా నవ్వింది. ఇన్నేళ్ళలో ఆమె అలా నవ్వడం ఆ హాల్లో ఎవరూ చూడలేదు.

బయట ఆటో హారన్ మోగింది. ఆటో నడిపే అక్క భర్త వచ్చాడు. పెళ్ళాం పరీక్ష రాస్తోందని దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పి వచ్చినట్టున్నాడు, మొహం వెలిగిపోతోంది.

"కాలిన వాసనేంటే?"

"దుప్పటి కాల్చా."

"నువ్వా!"

"నేనే. పద, పెన్ను కొనుక్కోవాలి."

ముందు సీట్లో బాబాయ్, వెనక ఆడవాళ్ళు ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఆటో మలుపు తిరిగేదాకా వాళ్ళ నవ్వులు వినపడ్డాయి.

బల్ల మీద, ఇంకా మడతపెట్టని తెల్ల దుప్పటి మధ్యలో, ఇస్త్రీపెట్టె ముద్ర గోధుమరంగులో పడి ఉంది, కొస తలుపు వైపు తిరిగి.