పేర్రాజు మేస్త్రి తాగిన నారింజ నీళ్ళు

నేను ఒక పొంగే బిళ్ళను. మింగే బిళ్ళను కాను, చప్పరించే బిళ్ళను అంతకన్నా కాను. గ్లాసుడు నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగి, రెండు నిమిషాల్లో నారింజరంగు నీళ్ళయిపోయే జాతి నాది. నీళ్ళు తగిలేదాకా నాకు నోరు లేదు. నోరొచ్చేసరికి వేళ మించిపోయింది. అదే నా ఏడుపు.

నేను పుట్టిన గదిలోకి వానాకాలం రాదు. గాలిలో తడినంతా మిషన్లు పీల్చేస్తుంటాయి. అక్కడ పనిచేసేవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా గుడ్డలు కప్పుకుని, చెమట చుక్క రాలకుండా తిరుగుతారు. ఇంత భయభక్తులు ఎందుకంటే, ఒకళ్ళంటే ఒకళ్ళకి పడని ఇద్దర్ని నాలో పక్కపక్కన కూర్చోబెట్టారు. ఒకరు నిమ్మ ఉప్పు, ఇంకొకరు వంట సోడా. పొడిగా ఉన్నంతసేపూ ఇద్దరూ పలకరించుకోరు. ఒక్క నీటిబొట్టు మధ్యకొచ్చిందా, కలియబడతారు. ఆ పోట్లాటలో పుట్టే గాలే బుడగలు. గోలీసోడాలో ఉండే గాలీ అదే. ఆ బుడగలు నన్ను పొడిపొడిగా ఊడదీసి, నాలోని సి విటమిన్‌ని నీళ్ళంతటా కలిపేస్తాయి.

జనం ఆ పొంగు చూసి అబ్బో, ఎంత బలమో అనుకుంటారు. పొంగులో బలమేమీ లేదు. అది అణిగాక మిగిలేదే అసలు సంగతి. వంట సోడాలోని సోడియం ఎక్కడికీ పోదు, నీళ్ళలోనే ఉండిపోతుంది. వంటింటి ఉప్పులో గుండెజబ్బువాళ్ళకి పడనిది కూడా సరిగ్గా అదే. ఈ ముక్క మమ్మల్ని పేర్చిన గొట్టం మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఉంది. చదివినవాళ్ళు నాకు తగల్లేదు.

రామచంద్రపురంలో ఒక మందుల షాపుకి సత్యవేణి అనే ఆవిడ వచ్చింది. "మా ఆయన బొత్తిగా నీరసపడిపోయేరు బాబూ, బలానికేమన్నా ఇయ్యి" అంది. ఆయనకి జబ్బేమిటని షాపాయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మూడు గొట్టాలకి కలిపి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. మూడో గొట్టంలో అట్టడుగు బిళ్ళను నేను.

వాళ్ళాయన పేర్రాజు, పెళ్ళిళ్ళ వంటమేస్త్రి. ముప్ఫయ్యేళ్ళు గుండిగల ముందు నిలబడ్డ మనిషి. వెయ్యిమంది పులుసుకి ఉప్పు గుప్పిళ్ళతోనే వేసేవాడట, రెండోసారి చెయ్యి పెట్టాల్సిన పని ఉండేది కాదట. అలాంటివాడికి గుండె బలహీనపడింది, ఒంటికి నీరు పడుతోంది, ఉప్పు ముట్టుకోకూడదన్నారు డాక్టరుగారు. సత్యవేణి ఆ రోజే ఉప్పు డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఆయనకి చప్పిడి వండి, తను కారం ముద్ద ఎలా తింటుంది? తనూ చప్పిడే మొదలెట్టింది. మేం ఆ ఇంటికొచ్చేసరికి ఆరు నెలలుగా ఆ పొయ్యి మీద ఉప్పుకల్లు పడలేదు.

మొదటి గొట్టంలో మొదటివాణ్ణి నీళ్ళలో వేసిన పూట నాకు బాగా జ్ఞాపకం. గొట్టంలో చీకటి, నాకు వినపడ్డమే. పేర్రాజు ఒక గుక్క తాగి, నాలుక అంగిటికి ఒత్తి ఠప్పుమని చప్పరించాడు.

"ఏంటండీ, గుండిగ దగ్గర పులుసు రుచి చూసినట్టు!" అని నవ్వింది సత్యవేణి.

ఆయన ఇంకో గుక్క చప్పరించాడు. "బాగుందే. నారింజ వాసన. పొద్దునొకటి, సాయంత్రమొకటి కలుపు."

"నేనూ ఒక గుక్క చూస్తానుండండి."

"వద్దొద్దు. ఉన్నవే కాసిని."

మా పులుపు కింద, తీపి కింద, నారింజ వాసన కింద దాక్కున్న ఉప్పదనాన్ని ఒక్క గుక్కలో పట్టేశాడు ఆ మేస్త్రి. పట్టేసి, నోరు మూసుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆరు నెలల తర్వాత తన ముప్ఫయ్యేళ్ళ నేస్తం నాలుక మీదికి వచ్చింది, తలుపు మూసి పొమ్మనలేకపోయాడు.

రెండో గొట్టం అయిపోవచ్చేసరికి కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతోందని సత్యవేణి ఏడ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, సంచిలో మా గొట్టం కూడా వెళ్ళింది.

"ఉప్పు ఎక్కణ్ణించో లోపలికెళుతోందమ్మా" అన్నారు డాక్టరుగారు.

"ఇంట్లో ఉప్పుకల్లు లేదండి బాబూ. నేనూ చప్పిడే తింటన్నానండి. ఒట్టండి."

"వాడుతున్న మందులేవి?"

ఆవిడ డాక్టరుగారు రాసిచ్చిన చీటీయే చూపించింది. బలానికి కొన్నవి కూడా మందులేనని ఆవిడకెందుకు తోస్తుంది? జానెడు దూరంలో, సంచిలో ఉన్నాను. అరవలేను. అరవగలిగిన పేర్రాజు మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

ఇంటికొచ్చాక సత్యవేణి అనుమానం తాతబ్బాయి మీదికి పోయింది. పేర్రాజు పక్కన పాతికేళ్ళు గరిట తిప్పినవాడు, రోజూ చూడ్డానికొచ్చేవాడు. "జేబులో ఆవకాయ ముక్క తెచ్చి పెడతన్నావు, నాకు తెలీదనుకోకు. ఇంక మా గుమ్మం తొక్కకు" అని తలుపేసేసింది. "వదినా, అన్నం మీద ఒట్టు" అంటూ గుమ్మంలోనే నిలబడి ఏడ్చాడతను. అప్పుడు కూడా పేర్రాజు పెదవి విప్పలేదు. మనుషుల గురించి నాకు తెలిసింది తక్కువే గానీ, ఆ పూట మాత్రం సిగ్గేసింది.

ఒక మధ్యాహ్నం ఆయన మా గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పుతుంటే మేం లోపల గలగలలాడాం.

"సత్తెవేణీ."

"ఏంటండీ?"

గొట్టం మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. "ఏం లేదు. ఒకటి కలుపు."

తర్వాత వారం తిరక్కుండానే, పొద్దున్నే మొహం కడుక్కుంటూ ఆయాసపడి అరుగు మీద ఒరిగిపోయాడు. మళ్ళీ లేవలేదు.

పెద్దకార్యం అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. సత్యవేణి చెల్లెలు మాణిక్యం ఒక్కత్తే ఉండిపోయింది. సత్యవేణి కళ్ళు తిరిగి పడిపోతుంటే, "బావగారి బలం బిళ్ళ ఒకటుంది, నువ్వన్నా ఏసుకో అక్కా" అని నన్ను గ్లాసులో వేసింది. కలియబడాల్సినవాళ్ళు కలియబడ్డారు. పొంగాను, విడిపోయాను, అణిగాను. సత్యవేణి ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"ఇది ఉప్పగుందేంటే?"

మాణిక్యం కొంచెం నాలుక మీద వేసుకుంది. "ఉప్పేంటక్కా? తియ్యగా, పుల్లగా ఉంటేనూ!"

సత్యవేణి ఇంకో గుక్క తాగింది. ఎనిమిది నెలలుగా ఉప్పెరగని నాలుక అది, దాని దగ్గర నేనేం దాచగలను? గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా చేతులతో నేనే కలిపిచ్చానన్నమాట అనుకుంది పైకే. తర్వాత ఇంకో మాట తోచింది.

"నా నాలిక్కే తెలిసిపోయిందే మాణిక్యం. ఆయనకి తెలీదా?"

మాణిక్యానికేం అర్థంకాలేదు. సత్యవేణి ఖాళీ మంచం వైపు తిరిగింది.

"అంత తినాలనుంటే నన్నడగొచ్చుగదండీ. ఒక్క పూటకి చిటికెడు నేనే ఏద్దును. మీతో కూచుని నేనూ తిందును."

మిగిలిన నీళ్ళు పారబొయ్యకుండా తాగేసింది.