యాభై రెండు కిలోల వరహాలమ్మ

నేను ఒక బరువు చూసే మిషన్ని. మనిషి నా మీద నిలబడితే ముల్లు కదిలి ఒక అంకె దగ్గర ఆగుతుంది. నాకు వచ్చిన పని అదొక్కటే. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మరు గానీ నా మాట నమ్ముతారు. నేను నోరు విప్పను కాబట్టి కాబోలు.

ఏదో ఊరి చివర రేకుల షెడ్డులో నన్ను బిగించారు. మొదట రాజమండ్రిలో ఒక పిల్లల డాక్టరు దగ్గర ఆరేళ్లు పనిచేశాను. తల్లులు బిడ్డనెత్తుకుని ఒకసారి, దించేసి ఒకసారి నా మీద నిలబడేవారు. అరకిలో పెరిగిందంటే ఆ ఇల్లాళ్ల ముఖాలు చూడాలి. ఆ డాక్టరు ప్రాక్టీసు మానేసి వెళ్లిపోతూ నన్ను కాకినాడ శివారులో వృద్ధులను చూసుకునే ఒక హోమ్‌కు ఇచ్చేశాడు. అక్కడ భోజనాల హాల్లో, గోడ పక్కన నన్ను పెట్టారు. పన్నెండు మంది ఉండేవారు. నెలకోసారి అందరినీ నా మీద ఎక్కించి, గోడకున్న చార్టులో ఎవరి గడిలో వారి బరువు రాసేవారు.

హైమ వచ్చింది ఆ చార్టు కోసమే. ఆమె ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. పెంచి పెద్దచేసిన పెద్దమ్మ వరహాలమ్మ తుంటి ఎముక విరిగి వాకర్ పట్టుకుని నడుస్తోంది. హైమ ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో, పొద్దున వెళ్తే రాత్రికి గానీ రాదు. అప్పటికే రెండు హోమ్‌లు చూసి వద్దనుకుందట. చేతిలో నోటుపుస్తకం, అందులో రాసుకున్న ప్రశ్నలు. బాత్రూముల్లోకి వెళ్లి పట్టుకునే కడ్డీలు లాగి చూసింది. దుప్పట్లు వాసన చూసింది. నిప్పంటుకుంటే మంచం పట్టినవాళ్లను ఏ దారిన తీసుకెళ్తారని అడిగింది. భోజనం తినిపించడానికి ఎంతమంది ఉన్నారని అడిగితే, మేనేజరు పట్టాభి నలుగురని చెప్పాడు. అప్పటికి అది నిజమే. చివరికి చార్టు ముందు నిలబడి ప్రతి గడీ చదివింది.

"మిగతా రెండు చోట్లా బరువు చూడటమే లేదండి. ఇక్కడ చూస్తున్నారు. అది చాలు నాకు," అంది పట్టాభితో.

అలా నన్ను చూసుకుని ఆమె ఆ హోమ్‌ను ఎంచుకుంది. వరహాలమ్మను తెచ్చిన రోజు ముల్లు యాభై మూడు దగ్గర ఆగింది.

వరహాలమ్మ ముప్పై ఏళ్లు కుట్టు టీచరుగా చేసిన మనిషి. ఎవరు ఎదురుపడినా చూపుతోనే కొలత తీసేది. నెమ్మదిగా తినేది. పళ్లు సగం లేవు. ఒక్కో ముద్దా నమిలి భోజనం ముగించడానికి ఆమెకు ముప్పావుగంట పట్టేది. నూకరత్నం అనే ఆయా పక్కన కూర్చుని, "తొందరేం లేదు టీచరుగారూ," అంటూ చారు కలిపి పెట్టేది.

మూడో నెలలో ఇద్దరు ఆయాలను తీసేశారు. పన్నెండు మందికి ఇద్దరే మిగిలారు. ఆరున్నరకు కంచాలు పెట్టేవారు, పావుగంటలో తీసేవారు. ఆ ఇద్దరే అందరికీ పక్కలు వేయాలి, గుడ్డలు మార్చాలి. వరహాలమ్మ కంచంలో అన్నం అలాగే వెనక్కి వెళ్లేది. పక్క కుర్చీలో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు సత్తిరాజుగారి కంచమూ అంతే. ఆ నెలాఖరుకు తొమ్మిది మంది బరువు తగ్గారని నేను చెప్పాను.

పట్టాభి చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ తీసేసిన ఇద్దరినీ వెనక్కి పిలుస్తాడనుకున్నాను. అతను వంగి, నా వెనక అంచు కింద ఉన్న చిన్న చక్రాన్ని తిప్పాడు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లును సున్నా మీదకు తేవడానికి పెట్టిన చక్రం అది. ముల్లు రెండు మీదకు జరిగింది. తర్వాతి నెల నాలుగు. ఆ తర్వాత ఆరు. ఎవరూ ఎక్కకుండానే ఆరు చూపిస్తుంటే చూసినవాళ్లు అడుగుతారు కదా, అందుకని దుమ్ము పడకుండా అని చెప్పి నా మీద తువాలు కప్పాడు. చార్టులో అందరూ మళ్లీ నిలకడగా ఉన్నారు.

హైమ ప్రతి ఆదివారం వచ్చేది. ఒక ఆదివారం వరహాలమ్మ అంది, "రవికలు వదులైపోతున్నాయే. రెండుసార్లు చేత్తో కుట్టు వేసుకున్నాను."

హైమ తల తిప్పి చార్టు చూసింది. "యాభై రెండు ఉన్నావు పెద్దమ్మా. తగ్గింది ఒక్క కిలోనే. కొత్త చోటు కదా, నీకలా అనిపిస్తోంది."

వరహాలమ్మ మళ్లీ రవికల మాట ఎత్తలేదు. నేను తువాలు కింద ఉన్నాను. ముల్లు ఎనిమిది మీద ఉంది.

ఏడో నెలలో హైమ పాత కొలతలతో కొత్త రవికలు కుట్టించి తెచ్చింది. ఒకటి తొడిగి చూస్తే భుజాల మీంచి జారిపోయింది. వరహాలమ్మ ఆ గుడ్డను వేళ్ల మధ్య పట్టుకుని, "ముప్పై ఆరు కాదే ఇప్పుడు. ముప్పై," అంది మామూలుగా, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు.

హైమ నా దగ్గరకు వచ్చి తువాలు లాగేసింది. నా మీద ఎవరూ లేరు. అయినా ముల్లు ఎనిమిది చూపిస్తోంది. మోకాళ్ల మీద కూర్చుని చక్రం వెతికి, ముల్లును సున్నాకు తెచ్చి, పెద్దమ్మను పట్టుకుని ఎక్కించింది. నలభై నాలుగు.

ఆ సాయంత్రమే ఆమెను తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు జిల్లా అధికారులకు ఫిర్యాదు పెట్టింది.

తనిఖీకి వస్తున్నామని వాళ్లు మూడు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పారు. ఆ ఉదయం పట్టాభి తువాలు తీసి, నా ముఖం తుడిచి, ముల్లును సున్నా మీద పెట్టాడు. ఆ ఒక్కరోజుకు నలుగురు ఆయాలు వచ్చారు. వచ్చిన అధికారి కడ్డీలు చూశాడు, మందుల అలమారా చూశాడు, చార్టు బాగా పెట్టారన్నాడు. నన్ను బూటుకాలితో ఒకసారి నొక్కి వదిలాడు. ముల్లు లేచి మళ్లీ సున్నాకు వచ్చింది. పనిచేస్తోంది అని రాసుకున్నాడు.

నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అయ్యా," అంది. "ఒక్కసారి సత్తిరాజుగారిని ఎక్కించి చూడండయ్యా."

అధికారి చార్టు వైపు చెయ్యి చూపించాడు. "అరవై ఒకటని రాసుంది కదమ్మా. మళ్లీ ఆ పెద్దాయన్ని లేపడం ఎందుకు?"

ఆ రోజు నా ముల్లు సరిగ్గా ఉంది. నా మీద ఒక్కరినీ ఎక్కించలేదు. మర్నాటి నుంచి నూకరత్నం కనపడలేదు. తువాలు మళ్లీ నా మీదకు వచ్చింది.

నెల తర్వాత హైమ పెద్దమ్మ ట్రంకుపెట్టె కోసం వచ్చింది. హాల్లో కూర్చున్న సత్తిరాజుగారు టీచరుగారు ఎలా ఉన్నారని అడిగారు. ఆమె ఆయన పక్కన కూర్చుంది. చివరి వారం ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని, ఒంట్లో తట్టుకునే శక్తి లేదని డాక్టర్లు అన్నారని, పోయి తొమ్మిది రోజులైందని చెప్పింది.

"నాకు నోటితో చెప్పింది మావయ్యగారూ. నేను గోడ వైపు చూశాను," అంది.

ఆమె లేచి, అలవాటుగా చార్టు వైపు తిరిగింది. వరహాలమ్మ పేరు ఇంకా ఉంది. ఆ నెల గడి కూడా నింపి ఉంది. యాభై రెండు.

ఆమె ఆ కాగితాన్ని మేకుల నుంచి చించి మడిచి సంచిలో పెట్టుకుంది. పట్టాభి వెంటపడి రాతలో పొరపాటన్నాడు. ఆమె ఆగలేదు.

దాంతో రెండో ఫిర్యాదు వెళ్లింది. ఈసారి నోటీసు వచ్చింది. హోమ్ పేరు బోర్డు మారింది, పట్టాభి మారలేదు. సత్తిరాజుగారు వేసవి చూడలేదు. చావుకు కారణం వయసు అని రాశారు. నన్ను తీసుకెళ్లి పాత ఇనుప సామాన్ల కొట్టులో పడేశారు. కొట్టువాడు నన్ను తన కాటా కొక్కేనికి తగిలించి తూచి, అంకె గట్టిగా చదివాడు. తెచ్చినవాడు తల ఊపాడు. ఇద్దరిలో ఎవరూ కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చూపిస్తోందో చూడలేదు.