లోకల్ బండి పక్క సీటు

మా ఆయనకి అనుమానం జబ్బు కాదు, ఆరోగ్యం. అనుమానించడానికి ఏమీ దొరకని రోజు ఆయనకి ఒంట్లో బాగుండదు. టీలో చక్కెర కాస్త ఎక్కువైతే "ఏంటి, ఏమైనా దాస్తున్నావా?" అంటాడు. తక్కువైతే "ఎవరి మీద కోపం?" అంటాడు. సరిగ్గా ఉంటే కప్పు కింద పెట్టి నా మొహం వంక చూస్తాడు. అలాంటి మనిషికి ఎవరో చెప్పాపెట్టకుండా మేలు చేస్తే ఏమవుతుందో మాకు ఆ వారం తెలిసొచ్చింది.

మేమిద్దరం ఒకే లారీ షెడ్డులో పనిచేస్తాం. ఆయన బండి నడుపుతాడు, నేను బండ్లు కడుగుతాను. షెడ్డులో ఎడమ వరుస లైన్ బండ్లది. అవి సరుకెత్తుకుని రోజుల తరబడి పెద్ద రోడ్ల మీద పోయి తిరిగొస్తాయి. మా అన్నయ్య నడిపేది అందులో ఒకటి. కుడి వరుస లోకల్ బండ్లది. కొండ మీది క్వారీలో రాయి ఎత్తుకుని, వంకర టింకర దిగుడు దిగి, కింద క్రషర్ దగ్గర పోసి మళ్లీ పైకి పోతాయి. మా ఆయనది అందులో ఒకటి.

నీళ్ల పైపు పట్టుకున్నదానికి బండ్ల గుట్టు తెలుస్తుంది. లైన్ బండి మొహం నిండా చచ్చిన పురుగులుంటాయి గాని కడుపు కింద ఉత్త దుమ్మే, ఒక్క ధారకి పోతుంది. లోకల్ బండి కింద రాతిపొడి సిమెంటులా గడ్డకట్టి ఉంటుంది, గోకి గోకి చేతులు పడిపోతాయి. లైన్ బండి మీటరు మీద అంకె చూస్తే కళ్లు తిరుగుతాయి, అయినా తాళం తిప్పగానే బుద్ధిగా లేస్తుంది. లోకల్ బండి మీటరు అంకె చూస్తే నిన్న మొన్న కొన్నట్టుంటుంది. ఎక్కి కూర్చుంటే స్ప్రింగు కట్టలు మూలుగుతాయి, క్లచ్చు వణుకుతుంది, తలుపు పట్టుకుంటే చేతికొస్తుంది.

మా సూపర్‌వైజరు మాత్రం మీటరునే నమ్ముతాడు. ఒకప్పుడు ఆయనా లైన్ డ్రైవరే. కిలోమీటర్లు తప్ప ఇంకో లెక్క ఆయన తలకెక్కదు. లోకల్ బండికి ఏదైనా రిపేరు అడిగితే బానెట్ మీద అరచేత్తో కొట్టి "మీటరు చూడు, ఇది పసిబిడ్డ!" అంటాడు. ఏ కొత్త సామానొచ్చినా లైన్ బండికి. దాని నుంచి దింపిన పాతది లోకల్ బండికి. "లైన్ బండి దేశం కాని దేశంలో ఆగిపోతే మన పుట్టి మునిగినట్టే. లోకల్ బండి ఆగిపోతే నడుచుకుంటూ వెళ్లి చూసుకోవచ్చు" అనేది ఆయన వాదన. ఆగిపోవడం గురించే ఆయన బాధంతా. దిగుట్లో బండి ఆగకపోతే ఏమిటన్నది ఎవరూ అడగలేదు.

మా ఆయన అడిగాడు. బ్రేకు తొక్కినప్పుడు చక్రం లోపలి డ్రమ్ముని పట్టుకునే లైనర్లు అరిగి రివెట్లు తేలాయని మెకానిక్‌తో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. స్టోరులో ఉన్నవన్నీ లైన్ బండ్లకేనని మెకానిక్ చేతులెత్తేశాడు. ఆ రోజు నుంచి మా ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, చిన్న గేరులో పాకించుకుంటూ దిగుడు దిగుతున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పితే పిండి ఆరేసుకోవచ్చు, అంత చెమట.

వారపు సెలవు అయిన మర్నాడు ఆయన మధ్యాహ్నమే నా దగ్గరికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"బండి కింద చూశాను. వెనక చక్రాలకి దళసరి లైనర్లున్నాయి," అన్నాడు గొంతు తగ్గించి.

"మంచిదేగా!"

"నీ మొహం మంచిది. ఎవరేశారు? ఎందుకేశారు? నాకెందుకు చెప్పలేదు? ఇది నన్ను ఇరికించడానికి వేసిన ఎత్తు."

ఆ మాట తీసిపారేయడానికి లేదు. అంతకుముందు మీసాల డ్రైవరని ఒకాయన ఉండేవాడు. లైన్ బండి బ్యాటరీ ఆయన లోకల్ బండిలో దొరికింది. తనకేం తెలియదని ఎంత మొత్తుకున్నా దొంగ అన్న ముద్ర వేసి పంపేశారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ షెడ్డూ ఆయన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. మా ఆయనకి ఇప్పుడు ఆ మీసాలు తన మూతి మీదే మొలిచినట్టు అనిపించింది.

"మెకానిక్‌తో గొడవ పడ్డాను కదా, వాడే చేశాడు," అన్నాడు. నాలుగడుగులు వెళ్లి వెనక్కొచ్చి "లేకపోతే సూపర్‌వైజరు" అన్నాడు. ఇంటికెళ్లాక, నేను చెప్పులు విడుస్తుంటే, గుమ్మంలోనే నిలబడి "సెలవు రోజు నువ్వు బండ్లు కడగడానికి షెడ్డుకి వెళ్లావు కదా. మెకానిక్ కూడా ఉన్నాడా?" అన్నాడు.

"నేను పని ముగించుకుని వచ్చేస్తుంటే వచ్చాడు. అయితే?"

"ఏం లేదు. నీ మొహం చూసి వేశాడేమో అని."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లు కాపురం చేసి ఆ మాటనడానికి నోరెలా వచ్చింది మీకు? రేపే తేలుస్తాను. తేలాక మీరు నా కాళ్లు పట్టుకున్నా మాట్లాడను," అన్నాను. ఆ పూట టీ నేను పెట్టలేదు. ఆయనే పెట్టుకుని, ఆయన టీనే ఆయన అనుమానంగా తాగాడు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య బండి కడగాల్సి వచ్చింది. అది ఒక రోజు ఆగి బయల్దేరాలి. వెనక చక్రాల మీద నీళ్లు కొడుతుంటే బోల్టులు నా కంటపడ్డాయి. మిగతా చక్రాల బోల్టుల చుట్టూ దారి దుమ్ము అంటుకుని ఉంది. వీటి చుట్టూ పానా పెట్టి తిప్పిన మెరుపు, కొత్త గ్రీజు వేలిముద్రలు. అంటే ఈ చక్రాలు ఇక్కడికొచ్చాకే విప్పారు. చక్రం వెనక రేకుకి చిన్న కన్నం ఉంటుంది. దాని రబ్బరు మూత తీసి టార్చి వేశాను. లోపల లైనరు ఒక పొరలా ఉంది, రివెట్ల తలలు మెరుస్తున్నాయి.

ఇవి మా ఆయన బండివి. అన్నయ్యవి అక్కడున్నాయి.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నా బుర్రకి మొదట తట్టింది మా ఆయనే. తనే మార్చేసి, ముందుగా "నన్నిరికించారు" అని రాగం ఎత్తుకున్నాడేమో! చివరికి నా మీదే నింద వేశాడంటే ఎంత ఆలోచించి ఉండాలి! దిగుడు భయం మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. కానీ అది మా అన్నయ్య బండి. రేపు దాని మీద టన్నుల సరుకెక్కుతుంది. అనుమానం జలుబు లాంటిది కాబోలు, పక్కన పడుకున్నందుకు నాకూ అంటుకుంది.

పైపు కట్టేసి అన్నయ్య కోసం పరుగెత్తాను. క్యాంటీన్ బెంచీ మీద టీ తాగుతున్నాడు.

"అన్నయ్యా, నువ్వు రేపు బండి తీయొద్దు. నీ లైనర్లు ఎవరో కొట్టేశారు. మా ఆయన బండిలో ఉన్నాయి."

అన్నయ్య నా మొహం చూసి నవ్వాడు. "ఎవరో ఏంటే, నేనే కొట్టేశాను."

"అంటే?"

"మొన్న మా బావ బండెక్కి సరదాగా క్వారీకి వెళ్లాను. పైకి వెళ్లేటప్పుడు కబుర్లే కబుర్లు. దిగేటప్పుడు మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. పెడలు నేలకి ఆనిపోతోంది. పక్క సీట్లో నేనూ ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూనే ఉన్నాను, కాలు పట్టేసింది. నేను పొద్దున గేరేస్తే టిఫిను దాకా బ్రేకు జోలికే పోను కదా. అక్కడ ప్రతి మలుపుకీ తొక్కాలి. నా బండిలో కొత్త లైనర్లు ఊరికే కూర్చుని ఉన్నాయి. సెలవు రోజు మెకానిక్‌ని బతిమాలి అటివీ ఇటివీ మార్పించాను."

"మరి నీ సంగతి? ఇవి రివెట్లకొచ్చాయి!"

"బయల్దేరే ముందు చెకింగ్ ఉంటుందిగా. లైన్ బండికి లైనర్లు అరిగాయంటే సూపర్‌వైజరే కొత్త పెట్టె చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. ఎందుకని కూడా అడగడు. అదే లోకల్ బండికైతే చచ్చినా ఇవ్వడు."

"మా ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే 'నీ పాత సామాను నాకెందుకు అంటగడుతున్నావు బావా' అంటాడు. మీ ఆయన సంగతి నీకు తెలీదా?"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు. అన్నయ్య మీద ప్రేమతో సగం, మా ఆయన్ని దొంగ అనుకున్నందుకు సగం. ఈ మాట ఆయనతో చెప్పాలని గబగబా షెడ్డు వైపు నడిచాను. అప్పటికే ఆలస్యమైపోయింది. మా ఆయన సూపర్‌వైజరు గది ముందు నిలబడి ఉన్నాడు.

"ముందే చెబుతున్నాను సార్. నా బండిలో ఎవరివో లైనర్లున్నాయి. నేను వేయలేదు. రేపు నన్ననొద్దు," అంటున్నాడు.

సూపర్‌వైజరు నిప్పులు తొక్కినట్టు లేచాడు. మెకానిక్‌ని పిలిపించాడు. ఇంతలో అన్నయ్య వచ్చి "నేనే మార్పించాను సార్" అన్నాడు. అంతే. ఎవరివి వాళ్లకి వెంటనే బిగించమన్నాడు సూపర్‌వైజరు. "లైన్ బండి సామాను ముట్టుకుంటావా? ఈ ట్రిప్పు అయి రా, నిన్ను బండి దింపుతాను," అని అన్నయ్యని అందరి ముందూ నానా మాటలూ అన్నాడు.

మా ఆయన నా నీళ్లతొట్టి పక్కన నిలబడ్డాడు. తన బండి చక్రాలు విప్పుతుంటే, దళసరి లైనర్లు బయటికొస్తుంటే, అరిగినవి మళ్లీ లోపలికి పోతుంటే అలాగే చూశాడు. ఆయన్నెవరూ ఇరికించలేదు. ఆయనే వెళ్లి ఇరుక్కున్నాడు, మా అన్నయ్యని కూడా లాగాడు. ఆ రాత్రి నేను పెట్టిన టీలో చక్కెర వేయడం మర్చిపోయాను. ఆయన ఏమీ అనకుండా తాగేశాడు. నాకు భయమేసింది.

పొద్దున బండ్లు బయల్దేరే వేళకి షెడ్డు నిండా జనం. అన్నయ్య బండి గేటు దగ్గర సిద్ధంగా ఉంది. మా ఆయన తన బండి స్టార్ట్ చేసి, దిగొచ్చి, సూపర్‌వైజరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఈ లైనర్లతో దిగుడు దిగలేను."

"మీటరు చూడు. పసిబిడ్డ!" అని బానెట్ మీద కొట్టాడు సూపర్‌వైజరు.

"నిజమే సార్, పసిబిడ్డే. అందుకే పెద్దవాళ్లు తోడుండాలి. పక్క సీట్లో కూర్చోండి. ఒక్కసారి లోడుతో దిగొద్దాం. మీరు బాగుందంటే ఇంక జన్మలో అడగను."

మా ఆయన గొంతులో వెటకారం లేదు. అందుకే తప్పించుకోవడానికి దారి దొరకలేదు సూపర్‌వైజరుకి. అందరూ చూస్తున్నారు. "పద, దానికేం" అని ఎక్కి కూర్చున్నాడు. మా ఆయన బండి కదిలించాడు. ఖాళీ బండే, చదునైన నేలే. నా నీళ్లతొట్టి దగ్గర ఆపబోయాడు. చక్రాల్లోంచి ఇనుము ఇనుముని గీకిన చప్పుడొచ్చింది, నా పళ్లు జివ్వుమన్నాయి. బండి తొట్టి దాటి, బట్టల తీగ దాటి, గోడకి ఇంకాస్త దూరం ఉందనగా ఆగింది. పక్క సీట్లో సూపర్‌వైజరు రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని, రెండు కాళ్లతో నేల తొక్కిపట్టి ఉన్నాడు.

"ఇప్పుడు క్వారీకి పోదామా సార్?" అన్నాడు మా ఆయన.

సూపర్‌వైజరు కిందికి దిగాడు. ప్యాంటు దులుపుకున్నాడు. "నాకు ఆఫీసులో పనుంది" అన్నాడు.

కుడి వరుసలోంచి ఒక లోకల్ డ్రైవరు ముందుకొచ్చాడు. "సార్, పని చూసుకుని రండి. తర్వాత నా బండిలో కూడా ఒకసారి కూర్చోండి," అన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి కుడి వరుస మొత్తం సూపర్‌వైజరు గది ముందు లైను కట్టింది. అన్నయ్య బండి వెళ్లిపోయింది గాని, ఒక్క లోకల్ బండీ గేటు దాటలేదు.

మధ్యాహ్నానికి మెకానిక్ స్టోరులోంచి కొత్త పెట్టె తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. లోకల్ బండి కోసం సీలు ఊడదీయడం నేను చూడటం అదే మొదలు. మా ఆయన సీలు గోటితో గీకి చూశాడు, లైనరు వాసన చూశాడు, వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"సూపర్‌వైజరు ఎందుకిచ్చాడంటావు?" అని నా చెవిలో అడిగాడు.

"భయపడి."

"అంతేనా?"

అన్నయ్యని బండి దింపుతానన్న మాట సూపర్‌వైజరు మళ్లీ ఎత్తలేదు. వెనక్కి తీసుకుంటున్నానని కూడా అనలేదు. అన్నయ్య ట్రిప్పు నుంచి తిరిగొచ్చేదాకా మాకు ఆ దిగులు తప్పదు.

ఆ సాయంత్రం మా ఆయన నా ఫోను తీసుకుని గుమ్మంలో కూర్చుని అన్నయ్యకి చేశాడు. క్షమించు, తప్పయింది లాంటి మాటలు ఆయన నోట రావని నాకు తెలుసు.

"బావా, లైనర్లు ఎలా ఉన్నాయి?"

బాగున్నాయని అన్నయ్య చెప్పి ఉంటాడు.

"నువ్వు చెబితే నేను నమ్మాలా? బండి పక్కకి ఆపు. కన్నం మూత తీసి చూడు. అన్ని చక్రాలూ చూడు. నేను లైన్లోనే ఉంటాను," అన్నాడు మా ఆయన.

ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాడు. మధ్యాహ్నం నోరు జారిన ఒక్క మాట తప్ప, ఆయనతో మాట్లాడనని నేను పెట్టుకున్న ఒట్టు ఇంకా అలాగే ఉంది. టీ కప్పు తెచ్చి పక్కన పెట్టి, నేనూ ఆ గుమ్మంలోనే కూర్చున్నాను.